గుత్త

పదకొండు అంచెల్లో ఆ అణువును నేను చేయగలను.
తొమ్మిదో అంచె దగ్గర చలి కావాలి,
మంచుకన్నా నలభై డిగ్రీలు కిందికి.
తొందరపడితే ఫ్లాస్కంతా తారు.
ఓపిక పడితే తెల్లారేసరికి
గాజు అడుగున బియ్యపు రవ్వలా పేరుకుంటుంది.

జీడిమెట్ల. రాత్రి షిఫ్టు.
కాలవలో నురగ, ముక్కుకి ఏనాడో అలవాటైన ఘాటు.
మా రిజిస్టర్లో ఆ మందుకు పేరు లేదు, నంబరే.
పక్కన ఎర్ర సిరాతో ఒక తేదీ.
ఇంకా ఆరేళ్లు.
అప్పటిదాకా చేయొచ్చు, తూచొచ్చు, పరీక్షించొచ్చు,
అమ్మకూడదు.

ఆ మాటకి నవ్వుతాడు వాజిద్.
కోఠీలో, బడీచౌడి వెనక సందులో
అతనిది హోల్‌సేల్ మందుల కొట్టు.
వాళ్ల నాన్న మొజంజాహీ మార్కెట్ ఫుట్‌పాత్ మీద
మారు తాళంచెవులు కోసేవాడు.
"చెవిని చూసి చెవి తీస్తే
పాతది అరిగిందా? వాళ్ల తలుపు తెరుచుకోవడం మానేసిందా?
నా ఇనుము, నా ఆకురాయి, నా చెయ్యి.
మధ్యలో సర్కారెవరు?
ఇది ఆస్తి కాదమ్మా, పహారా.
పోలీసు లేకపోతే ఒక్క పూట నిలవని ధరని
బజారు ధర అంటావా?"

నాకు మా తాత గుర్తొస్తాడు.
మోకు, ముత్తాదు ఆయనవే.
ఈతచెట్టు గరుకుకి కాయలు కాచిన అరికాళ్లూ ఆయనవే.
కల్లు మాత్రం గుత్తేదారుది.
బాలింతకని ఒక్క లొట్టి ఇంటికి తెచ్చిన రోజు
ఆబ్కారీ వాళ్లు దాన్ని గడప మీదే పగలగొట్టారట.
గుత్త అంటే చెట్టు కాదు,
చెట్టెక్కే విద్యా కాదు.
ఎక్కినవాణ్ని దించే హక్కు.

కాబట్టి వాజిద్‌కి తలూపుతాను. సగమే.
ఎందుకంటే అతను లైసెన్సులూ వద్దంటాడు,
ఇన్‌స్పెక్టర్లూ వద్దంటాడు,
చెడ్డ సరుకు కొట్టు దానంతటదే మూతపడుతుందంటాడు.
మూతపడేలోపు మింగినవాళ్లో?
ఎవరూ తనిఖీకి రాని నెలలో
ఏ డ్రమ్ముకి ఏ లేబులు అంటుకుంటుందో నేను చూశాను.

మా కంపెనీ వకీలు శేషఫణి కూడా
స్వేచ్ఛ పేరే చెబుతాడు.
"నా పొలం ఎవరో ఇస్తే వచ్చింది,
నా తలలో పుట్టింది ఎవరూ ఇవ్వలేదు.
అది నాది కాకపోతే ఇంక ఏది నాది?"
ఇద్దరూ ఒకే దేవుడికి మొక్కి
ఎదురెదురు గుమ్మాల్లోంచి బయటికొస్తారు.

ఒకసారి అడిగాను:
నాలుగు వందల అణువులు చచ్చాక ఇదొక్కటి బతికిందట.
ఆ చచ్చినవాటి కూలి ఎవరిస్తారు, వాజిద్?
చాయ్ సాసర్లో పోసుకున్నాడు.
బహుమతులన్నాడు, చందాలన్నాడు,
చాయ్ చల్లారాక
"తెలియదు" అన్నాడు.
అతని వాదాలన్నిటికన్నా
ఆ ఒక్క మాట నాకు ఎక్కువ కాలం గుర్తుంది.

పొద్దున ఆరు. గేటు.
బిచ్చపతి నా సంచి తడుముతాడు,
టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూస్తాడు.
చిటికెడు పొడి కూడా బయటికి పోకూడదు,
అందుకే అతనికి నెలకి పద్నాలుగు వేలు.

పోయిన వారం ఒక చీటీ చూపించాడు,
నాలుగు మడతలు, రెడ్‌హిల్స్ ఆసుపత్రి ముద్ర.
"మా ఆమెకు రాసిండ్రు మేడమ్.
నెలకు లక్షా ఎనభై అంటున్నరు.
గీ మందు ఏడ తయారైతదో మీకెరుకనా?"

పేరు చదివాను. నంబరు నా నోట్లో తిరిగింది.
కనుక్కుంటానన్నాను.

ఇవాళ చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.
చూపుడువేలి గోటి కింద ఇంకా
తెల్లగా, రవ్వంత.
బిచ్చపతి సంచిని తలకిందులు చేసి దులిపాడు.
బస్సు పాసు, దువ్వెన, సగం తిన్న జామకాయ.

"ఏం లేదు," అన్నాడు,
"పోండి మేడమ్."