చేతులు కడిగిన నీళ్ళు

చంపావతిలో ఇసక తేలిన ఏడు.
మెంటాడ దగ్గర మా ఎలిమెంటరీ బడికి
ఒకటే కుళాయి.
మధ్యాహ్నం అన్నాలయ్యాక
ఎంగిలిచేతుల వరసంతా
సొరపాదు మీదే.

తవుడుగాడు మూడుసార్లు కడుగుతాడు.
"ఏట్రా?" అంటే
"పాదుకి సాల్లేదు టీచర్."

పిందెకి వాడే పేరెట్టాడు, బుల్లెమ్మ.
ఉడతల కంట పడకుండా
పాత లెక్కల పుస్తకం కాయితం చుట్టాడు.
మంచుకి తడిసి
ఏడో ఎక్కం తిరగబడి
కాయ మీద అచ్చు పడింది.

గురువారం సాంబార్లో వేసేసింది
వంట రాజులమ్మ.
అందరూ జుర్రుకున్నారు.
వాడు మాత్రం
ముక్కలన్నీ పళ్ళెం అంచుకి చేర్చి,
లెక్కపెట్టి,
పాదు మొదట్లో ఒంపేశాడు.

నేను చూడనట్టు
హాజరుపట్టీలో తల దూర్చాను.

మర్నాడు
నాలుగుసార్లు కడిగాడు.