నీళ్లు వచ్చిన చోటు

సూర్యుడు రాని ఆ రెండు నెలలూ
మా తరగతికి వెలుతురంటే
గుడ్వోర్ టీచర్ స్వెటర్ మోచేతుల మీది సుద్దపొడి.

తప్పుకి ఎర్రగీత కొట్టేది కాదు.
తప్పిన మెట్టు పక్కన
పెన్సిల్‌తో చిన్న పడవ గీసి
"నీళ్లు ఇక్కణ్ణుంచి వచ్చాయి, చూడు" అనేది.
నా నోటుబుక్కులో ఒక నౌకాదళమే ఉండేది.

లెక్కలు నాకు రాలేదు, అబద్ధమెందుకు.
హెనింగ్స్‌వార్ రేవులో పడవలు బాగుచేస్తాను.

నిన్న ఆమెను మట్టిచేసి
నల్లకోటు విప్పకుండానే షెడ్డుకొచ్చి
పెడర్ ముసలాయన పడవ కిందికి దూరాను.
కారుతోంది.
ఎక్కణ్ణుంచో వెంటనే తెలియలేదు.
తడిమాను, తడిమాను,
తడి మొదలైన చోటు వేలికి తగిలేదాకా.

చెవి మీది పెన్సిల్ తీసి
ఆ చెక్క పక్కన
చిన్న పడవ గీశాను.

గీత వంకరపోయింది.
ఉండనిచ్చాను.