పైన, కింద

పంపా గాలి ఇవాళా ఆగలేదు.
ఎర్మెలిందా కొట్టంలో
బకెట్ నిండా నానిన పచ్చితోలు వార్లు.

"ముందు బూటు లేసుతో నేర్చుకో,
ఆవు నీకోసం రెండోసారి చావదు."

మూడు పేటలు తెలుసు.
చెల్లెలికి జడలేసిన చేతులే ఇవి.
నాలుగో పేట వచ్చిందో లేదో
ఏది పైన, ఏది కింద,
వేళ్లు ఒకదాన్నొకటి అడుగుతాయి.

కత్తిపిడికి చుట్టే ముడి
తలపాగాలా కూర్చోవాలట.
నాది తడిసిన పిచ్చుక గూడు.
ఆమె నవ్వలేదు. బొటనవేలితో నొక్కి,
"ఎండితే బిగుస్తుంది. తప్పు కూడా" అంది.

తెల్లారేసరికి కొమ్ములా గట్టిపడింది తప్పు.

పోయిన బౌదీలియో అల్లిన కళ్లెం
మేకునుంచి దించి
ఒక మెలిక దగ్గర వేలు ఆపింది.
పైకి పోవాల్సిన వారు కిందికి పోయింది.
"ముప్పై ఏళ్లు. గుర్రం ఏమీ అనలేదు."

నా ముడి అలాగే ఉంచి
మరో వారు నానేశాను.