ఎనిమిదే ట్రాకులు

రెండు నెలల రాత్రి షిఫ్టులతో
పెద్ద ఎడిషన్ లైసెన్సు కొంది విర్వే.
తెరవగానే మూడొందల వాయిద్యాలు
చేతులు కట్టుకుని నిలబడ్డాయి.
ఏ ఒక్కదాన్నీ పేరుపెట్టి పిలవలేకపోయింది.

మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకోమంటారు, సరే.
మంచం పెరిగిందని
మోకాళ్లకి ఎవరు చెప్పాలి?

సెట్టింగుల్లో వెతికి, నిన్నట్నుంచి
మళ్లీ చిన్నదాన్నే నడుపుతోంది.
ఎనిమిదే ట్రాకులు. తొమ్మిదోది అడిగితే
కుదరదంటుంది.

ఆ కుదరకపోవడం వల్లే కదా
ఒక చలికాలం
ఎండెల్ వాయించిన అకార్డియన్‌నీ
తను వేసిన ఈలనీ
ఒకే ట్రాకులో కుక్కింది.
ఇప్పుడు బోలెడు చోటుంది.
అవే విడిపోవు.

బయట, కొప్లి మలుపులో ట్రామ్ కీచుమంది.
మైకు కిటికీ వైపు తిప్పి
ఏది చెరపాలా అని
ఎనిమిదింటినీ
మళ్లీ మొదట్నుంచి వింటోంది.