కొలత మనిషి

హల్ నగరం, కౌన్సిల్ ఆఫీసు నేలమాళిగ.
సొరుగు లాగితే
ట్రేసింగ్ కాగితం ఉల్లిపొరలా చిట్లింది.
అరవై ఏడులో గీసిన గ్రంథాలయం.
ఒక్క ఇటుకా పడలేదు.

గుమ్మం ముందు గొడుగుతో ఒకామె,
ఎత్తు తెలియడానికి పెట్టిన కొలత మనిషి,
ఇంకా లోపలికి వెళ్లలేదు.
కొలను ఉండాల్సిన చోట టీ కప్పు మరక.
"అది నాదే" అంది మ్యూరియల్ బ్లెంకిన్,
సంతకం గుర్తుపట్టినట్టు.

మధ్యాహ్నం ఆ చోటికి తీసుకెళ్లాను.
కార్ పార్కు. హంబర్ మీంచి చలిగాలి, తుంపర.
టికెట్ మెషిన్ దాటాక
పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టి
ఓ వ్యానుకీ వ్యానుకీ మధ్య ఆగింది.
మోకాలు పట్టుకుని
చదునైన తారు మీద
ఆరంగుళాలు పాదం పైకెత్తింది.

తడి మెట్లు కదా,
చెయ్యి అందించాను.