చెవి

కుతైసిలో తెల్లవారుజాము ఐదు, వాన.
ఎడమ చంకలో పడవల్లాంటి షోతి రొట్టెల బుట్ట,
కుడిచేతిలో సబ్బుబిళ్ళంత రిమోటు తాళంచెవి.
నొక్కాను.
కారు కిమ్మనలేదు.
రోజూ రెండుసార్లు పసుపు కళ్ళార్పి
నన్ను గుర్తుపట్టే బండి
అప్పిచ్చినవాణ్ణి చూసినట్టు చూపు తప్పించుకుంది.

జపాన్లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి వచ్చిన కారిది.
స్టీరింగు మాకు తప్పువైపు.
స్టార్టు చెయ్యగానే ఆడగొంతు ఏదో అంటుంది.
"పద పోదాం" అంటోందని
నాలుగేళ్ళుగా నాకు నేనే అర్థం చెప్పుకున్నాను.

బ్యాటరీ అయ్యుంటుంది, ఇంకేముంటుంది?
ఇంట్లోకి పరిగెత్తి
బరువు తూచే యంత్రం పొట్ట విప్పి బిళ్ళ తీశాను
(ఎలాగూ నా విషయంలో అది నిజం చెప్పిన పాపాన పోలేదు).
వెన్నకత్తి మొనతో తాళంచెవి అంచు విప్పితే
లోపలంతా పిండి.
సన్నగా, తెల్లగా, నా నాలుగేళ్ళ ఉద్యోగం.
ఊదాను. కూడిక గుర్తు పైకి పెట్టి మూశాను.
బుల్లి ఎర్రదీపం వెలిగింది గానీ
కారుకి వినపడలేదు.

"గడ్డం కింద పెట్టుకుని నొక్కు త్సియూరీ,
తలకాయే యాంటెన్నా అవుతుంది!"
పై బాల్కనీలోంచి వాఖో.
పెట్టుకున్నాను.
ఫిడేలు పోగొట్టుకున్న వాద్యకారిణిలా
వానలో మెడ వంచి నిలబడ్డాను.
రొట్టెలు చల్లారిపోతున్నాయి.

చివరికి పక్కనున్న చిన్న మీట గోటికి తగిలింది.
లోపల్నించి జారింది సన్నటి ఇనపనాలుక,
అసలు సిసలు పాతకాలపు తాళంచెవి.
ఇన్నాళ్ళూ నా జేబులోనే ఉండి మాట మాత్రం చెప్పలేదు!
తిప్పితే తలుపు తెరుచుకుంది,
దొంగా దొంగా అని అలారం వీధినంతా లేపింది.
రిమోటుని స్టార్టు బటనుకి ముక్కూ ముక్కూ ఆనించినట్టు ఆనిస్తే
అప్పటికి శాంతించి కదిలింది.

రియోని వంతెన దాటాక ఊరికే నొక్కి చూశాను.
టక్.
నిక్షేపంలా పలికింది.

మధ్యాహ్నం తిరిగొస్తే మందులషాపు ముందు చిన్న సంత.
పళ్ళడాక్టరు దోదో, టాక్సీ జుంబేర్,
పెళ్ళికేకు పట్టుకుని ఎవరో కొత్తాయన,
అందరివీ జపాన్ బళ్ళే, అందరి చేతులూ గాల్లోనే.
నొక్కుతున్నారు, తిడుతున్నారు, నొక్కుతున్నారు.
నోళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి,
మధ్యలో ఎవరో గోల చేస్తున్నారు.

వాఖో చేతిరేడియోతో గోడగోడకీ నడిచాడు,
కుక్క వాసన పట్టినట్టు.
బర్రుమనే మోత ముదిరి ముదిరి
పందొమ్మిదో నంబరు గుమ్మం దగ్గర ఈలయింది.
వెనెరా ఇల్లు.
గుమ్మానికి కొత్తగా కొన్న వైరు లేని కాలింగ్‌బెల్.
నిన్నటి వానకి ఉబ్బి, బటను లోపలికి దిగబడిపోయింది.
నిన్నట్నుంచీ ఆగకుండా
ఎవరో వచ్చారు ఎవరో వచ్చారు ఎవరో వచ్చారు
అని గాలికి చెబుతూనే ఉంది,
ఇంకో మాట వినపడనివ్వకుండా.
లోపలి గంటనేమో
హీటరుకి ప్లగ్గు చాలక ఆవిడ పీకేసిందట.
పెట్టుకున్నా ఒకటే. ఎదురుగా అరిస్తే తప్ప
ఆవిడకి వినపడదు.

నా వెన్నకత్తితోనే వాఖో బటను పైకి లేపాడు.
జుంబేర్ ఇంకా నొక్కుతూనే ఉన్నాడేమో
వీధి చివర అతని టాక్సీ ఒక్కసారి కళ్ళు తెరిచింది.
దోదో కారు కూడా.
కేకు పట్టుకున్నాయన ఎందుకో సిగ్గుపడ్డాడు.

అప్పుడే టీపొడి పారబొయ్యడానికి తలుపు తీసిన వెనెరా
గుమ్మంలో ఇంతమందిని చూసి కోప్పడింది:
"ఎంతసేపయింది వచ్చి?
బెల్లు కొట్టొచ్చుగా!"

మిగిలిన రొట్టె ఒకటి ఆవిడకిచ్చి కారెక్కాను.
ఆడగొంతు తన మాట తను అంది.
కిటికీలోంచి ఫోను చాపి వాఖో అర్థం చదివాడు:
"టోలు కార్డు పెట్టలేదు, అంటోంది."
నాలుగేళ్ళు!

పెట్టలేదులే,
పద పోదాం, అన్నాను.