నడిమి గడి

పేపర్లో ఆరో పేజీ అడుగున
బంగారం ధరకూ పోయినోళ్ల ఫోటోలకూ నడుమ
మూడు గడులు.
గొడుగులు బాగుచేసే చిన్నోబన్న.
వాని ముందర ఒక సంచి, ఒక సూది, ఒక ఆకాశం.

మొదటి గడిలో పైకి చూస్తాడు.
రెండో గడిలో పైకి చూస్తాడు.
మూడో గడిలో సంచి సర్దుకుంటాడు.

అంతే.
దీనికి నవ్వేదేముందో
తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
పదో తరగతి తప్పి లెక్కలు రాసుకుంటున్న నాకు
అర్థమయ్యేది కాదు.

మౌలాలి మాత్రం నవ్వేటోడు.
పాలిష్ మిషను ఆపి, మోచేతుల దాకా తెల్లటి బురదతో
ఉగ్గాని పొట్లం విప్పి, తినకముందే
నూనె మరకల కింద ఆ గడుల్ని వెదికేటోడు.
మూడు వారాల కిందటిదైనా సరే.
అక్షరమ్ముక్క రానోడు.
"మాటలు నువ్ సదువు అబ్బీ,
గీతలు నేను సదువుకుంటా."

చదవను మాటలే ఉండేవి కావు, చానాసార్లు.

ఒకపొద్దు అడిగేసినా.
"యాడుంది మామా నవ్వు?"
తడి వేలు కాగితానికి తగలకుండా ఎత్తి పట్టి
"నడిమి గడి జూడు" అన్నాడు.
చూసినా. అదే మనిషి, అదే మెడ.
"నీడ జూడు."
మొదటి గడిలో కాళ్ల కింద ఉన్న నీడ
నడిమి గడిలో పక్కంగడి మెట్టెక్కింది.
"ఈ గీతకూ ఆ గీతకూ మధ్య పూటంతా పాయె.
వాడు మెడ దించలే."

అప్పట్నుంచి నేనూ పొట్లాలు విప్పినా.
సూది ఎప్పుడూ ఎడమ చెవి మీదే.
చీమలు గుడ్లెత్తుకొని పోతే
మెడ ఇంకో వెంట్రుకంత నిక్కుతాది.
గోడకానించిన గొడుగులు నెలనెలా పెరుగుతాయి,
ఇచ్చిపోయినోళ్లు తిరిగి రారు.
వెదకడం వచ్చింది.
నవ్వడం రాలే.

పెన్నలో ఇసుక లారీలే పారిన ఆ ఏడు
చిన్నోబన్న గడుల్లో వాన పడింది.
మొదటి గడిలో ముక్కు మీద ఒక చినుకు.
నడిమి గడి నిండా ఏటవాలు గీతలు, మనిషే కనపడడు.
మూడో గడిలో తడిసి ముద్దయి కూర్చున్నాడు,
ఒళ్లో ఏడు గొడుగులు,
ఏడూ ముడిచే ఉన్నాయి.

మౌలాలి ఆరోజు నవ్వలే.
కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకొని
మిషను వేసినాడు.
నేను లోడు రాసుకున్నా.
నలభై రెండు పలకలు, చిట్లినవి రెండు.

ఇంటికి పోయి
తొట్టి కాడ కాళ్లు కడుక్కుంటుంటే
రెండో చెంబు పాదం మీద పడినాక తట్టింది.
అవి వానివి కావు గదా!

చెంబు పట్టుకొని అట్లే నిలబడి నవ్వుతున్నా.
"ఏందిరా" అనుకుంటా అమ్మ వాకిట్లోకొచ్చింది.
చెప్పబోయినా.
"వాన పడతా ఉంటాదిమా..."
అంతే, మిగతాది వినలే.
చేట చేతిలో పెట్టుకొని
మోడమేమన్నా పట్టిందేమోనని
అమ్మ పైకి చూసింది.

చూస్తానే ఉంది.